ఓవెన్‌తో సహా బోథ్‌కు

మొన్న కేకు టిన్నులు కొనడానికి కరీంనగర్ వచ్చాను. దుకాణదారు బిల్లు రాస్తూ ఏ ఊరని అడిగాడు. బోథ్ అన్నాను.

"అది మహారాష్ట్రల గదా ఉండేది?" అన్నాడు.

కాదు, మన ఆదిలాబాద్ జిల్లానే అన్నాను. పక్కన గరిటెలు ఏరుకుంటున్న పెద్దాయన కలగజేసుకొని, "గుట్టల మీద ఉంటది. పులులుంటయి" అని అతనికి వివరం చెప్పాడు. నేను ఆర్నెల్లుగా అక్కడే బేకరీ నడుపుతున్నానని, ఇంతవరకు ఒక్క పులి కూడా బన్ను అడగలేదని చెప్పాను. ఇద్దరూ నన్ను కాస్త జాలిగా చూశారు.

మా చొప్పదండిలో కూడా అందరిదీ అదే చూపు. అందుకని ఓసారి వివరంగా రాద్దామనిపించింది. నేను అటు వెళ్ళింది విహారానికి కాదు, ఉండటానికి. కానీ వెళ్ళిన రెండు రోజులూ, ఆ తర్వాతి వారమూ నాకు పెద్ద ప్రయాణంలాగే గుర్తుండిపోయాయి.

చొప్పదండి: బాపు పెట్టిన షరతు

నా పేరు కిరణ్మయి. ఇరవై ఆరేళ్ళు. పెళ్ళి కాలేదు. కరీంనగర్‌లో ఒక బేకరీలో నాలుగేళ్ళు పనిచేశాను. పని ఇష్టమే, ఎండాకాలమే పడలేదు. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల ఓవెన్ వేడి. పోయినేడాది మే నెలలో ఖారీ బిస్కెట్ల ట్రే పట్టుకొనే కళ్ళు తిరిగి పడ్డాను. లేచాక ఒకటే అనుకున్నాను: బేకరీ పెడితే చలి ఉండే ఊళ్ళోనే పెట్టాలి.

చలి అంటే మనకు ఆదిలాబాద్ గుట్టలే. బోథ్‌లో ఒక బస్టాండు, ఒక మార్కెట్ యార్డు, చుట్టూ ఊళ్ళు ఉన్నాయనీ, సరైన బేకరీ మాత్రం లేదనీ అక్కడ పనిచేసి వచ్చిన ఒక నర్సమ్మ చెప్పింది. ఆమె ద్వారానే ఒక దుకాణం గది దొరికింది. ముందు షట్టరు, వెనక ఒక గది, వంటిల్లు. యజమాని విఠల్ సార్, రిటైరైన టీచరు. ఫోన్లోనే మాట్లాడుకున్నాం.

మా బాపుకు ఎరువుల దుకాణం ఉంది. కోపం తక్కువ, షరతులు ఎక్కువ. "పోతనంటె వద్దనను. గని పోయిన దినమే ఇల్లు కుదరాలె. కుదరకుంటె అదే బండిల వాపస్ రావాలె" అన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, రెండు రగ్గులు, ఒక డబ్బా సకినాలు కట్టి ఇచ్చింది.

బండి మా వాడకట్టులోని ఖాదర్ చాచాది. చిన్న ట్రాలీ, వెనక అద్దం మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. చాచాకు యాభై దాటాయి. ముప్పై ఏళ్ళుగా బండ్లు నడుపుతున్నా మంచిర్యాల దాటి ఎన్నడూ పోలేదట. "నాకు గూడ జర గాలి మారినట్లయితది బేటీ" అని బయలుదేరాడు.

మంచిర్యాల: ఓవెన్ ఎక్కింది

గోదావరి వంతెన మీద చాచా బండి కాస్త నెమ్మది చేసి, కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరాడు. మీరు కూడా వేస్తారా చాచా అంటే, "నీళ్ళు అందరు తాగుతరు గద" అన్నాడు.

మంచిర్యాలలో మా పని ఓవెన్. రైల్వే స్టేషను దగ్గర ఒక పాత బేకరీ మూసేస్తున్నారు. యజమాని మోకాళ్ళు అరిగిపోయాయట. రెండు అరల గ్యాస్ ఓవెన్, బీరువా అంత ఉంటుంది. దాన్ని ట్రాలీలోకి ఎక్కించడానికి ఆరుగురు కావాల్సి వచ్చింది. ఆయన దాని తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి, "ఎడమ మూలకు జర గరం ఎక్కువ. ట్రే తిప్పుకుంట ఉండాలె" అని నాకు నాలుగుసార్లు చెప్పాడు. కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు అల్లుడికి చెప్పినట్లే ఉంది. బండి కదిలాక అద్దంలో చూస్తే, ఆయన ఇంకా రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.

ఆ రాత్రి నేను డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలి ఇంట్లో, చాచా తన చెల్లెలి ఇంట్లో పడుకున్నాం. అక్కడ మిర్చి బజ్జీ మన దగ్గరకన్నా పెద్దది, లోపల వాము దట్టంగా పెడతారు. ప్లేటు ముప్పై రూపాయలు. బొగ్గు గనుల షిఫ్టు దిగినవాళ్ళు నిలబడే రెండేసి ప్లేట్లు తింటున్నారు. ఇలాంటి ఊళ్ళో ఆ బేకరీని తీసుకొని నడిపేవాళ్ళే దొరకలేదా అని పడుకునేదాకా ఆలోచించాను.

జన్నారం అడవి: కోతుల పాలైన కేకు

లక్షెట్టిపేట దాటి జన్నారం చేరేసరికి రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు మొదలయ్యాయి. డిసెంబరు నెల, ఆకులు ఎర్రబారి రోడ్డంతా పరుచుకొని ఉన్నాయి. బండి పోతుంటే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. ఎక్కడం మొదలవగానే గాలి చల్లబడింది. చాచా మఫ్లరు తీసి చెవులకు చుట్టుకున్నాడు.

ఒక మలుపు దగ్గర చాయ్ హోటలు కనబడితే ఆగాం. చాయ్ పది రూపాయలే. కానీ పాకం తాగినట్లుంది. చక్కెర ఇంత ఎక్కువ ఎందుకని హోటలామెను అడిగాను.

"చలికి తియ్యగనే తాగాలె. మీది కింది దిక్కా?" అంది.

ఇక్కడివాళ్ళు మనందర్నీ 'కింది దిక్కోళ్ళు' అంటారని నాకు అప్పుడే తెలిసింది. కరీంనగర్ దిక్కు పుట్టి పెరిగిన నాకు, మాది కింద అని ఎవరూ ఎన్నడూ చెప్పలేదు.

మేం చాయ్ తాగుతుండగా ట్రాలీ మీద చప్పుడైంది. నాలుగు కోతులు. విఠల్ సార్ ఇంటివాళ్ళ కోసం నేను స్వయంగా చేసి పెట్టెలో సర్దిన ప్లమ్ కేకు వాటి చేతుల్లో ఉంది. ఒకటి ముక్క తుంచి, వాసన చూసి, పక్కదానికి అందించింది. తరిమినా అవి తొందరపడలేదు. ఖాళీ పెట్టె మాత్రం మర్యాదగా కిందకు వదిలేశాయి.

"నీ ఫస్టు గిరాకీ" అన్నాడు చాచా.

నవ్వాను గానీ, లోపల ఒక గుబులు ఉంది. ఆ కేకు నేను ఉత్త చేతులతో పోకూడదని చేసింది కాదు, విఠల్ సార్ మనసు కాస్త మెత్తబడుతుందని చేసింది. బండి మళ్ళీ కదిలాక చాచాకు అసలు విషయం చెప్పాను. ఫోన్లో విఠల్ సార్ ఒకసారి "మీరు, మీ సారు ఇద్దరే గదా, ఆ గది చాలుతది" అన్నాడు. నేను కాదనలేదు. ఊఁ అని కూడా అనలేదు. అద్దె ఎంత అని మాట మార్చాను. అంతకుముందు ఇద్దరు యజమానులు ఒక్కదానివే అంటే ఇవ్వమని ఫోన్ పెట్టేశారు మరి.

చాచా గేరు మార్చాడు. "ఫికర్ జేయకు. మీ సారు దుబాయ్‌ల ఉన్నడని నేను చెప్త. మన దిక్కు ఇంటికొకడు దుబాయ్‌ల ఉండనే ఉంటడు. ఎవ్వడు అనుమానపడడు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఉట్నూరు దాకా మనసులో ఆ దుబాయ్ సారుకు ఒక పేరు కూడా పెట్టుకున్నాను.

ఉట్నూరు: జొన్నరొట్టె

మనకు మధ్యాహ్నం అంటే అన్నం. ఇక్కడ ఒక చిన్న హోటల్లో అన్నం అడిగితే, అయిపోయింది, రొట్టె ఉందన్నారు. జొన్నరొట్టె, మా అవ్వ చేసేదానికన్నా వెడల్పు, పల్చన. చేతుల మధ్యే చరుస్తూ పెద్దది చేస్తారు. పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ. అంతా కలిపి అరవై రూపాయలు. తొక్కు తిన్న చాచాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోసారి వేయించుకున్నాడు.

అక్కడ నన్ను ఆకట్టుకున్నది పలకరింపు. ఎవరు లోపలికి వచ్చినా ముందు "రాం రాం" అంటారు. తెలిసినవాళ్ళకే కాదు, అందరికీ. మాకు కూడా చెప్పారు. చాచా చెయ్యి గుండె మీద పెట్టుకొని "రాం రాం" అని బదులు చెప్పాడు. మన దగ్గర హోటల్లోకి పోతే ముందు ఫ్యాను కింద జాగా వెతుక్కుంటాం.

బోథ్: సారేడి?

ఇచ్చోడ మీదుగా బోథ్ చేరేసరికి రెండున్నర. పత్తి లోడు బండ్లు మార్కెట్ ముందు వరుసకట్టి ఉన్నాయి. గుట్టలు ఊరికి అటూ ఇటూ తాపీగా పడుకున్నట్లున్నాయి. కొండలంటే మంచు, లోయలు అనుకొని రావద్దు. ఇవి పొట్టివి, వెడల్పైనవి. కానీ ఆ మధ్యాహ్నం కూడా నీడలో నిలబడితే ఒళ్ళు జలదరించింది. నాకు ఊరు చూడగానే నచ్చేసింది.

విఠల్ సార్ గేటు దగ్గరే ఎదురుచూస్తున్నాడు. తెల్ల ధోతి, స్వెట్టరు. బండిని, ఓవెన్‌ను, చాచాను, నన్ను వరుసగా చూసి, "సారేడి అమ్మా?" అన్నాడు.

చాచా నోరు తెరిచాడు. ఆ క్షణంలో నాకు తట్టింది ఒక్కటే: ఈ అబద్ధం ఇవాళ ఒక్కరోజు చెబితే సరిపోదు, ఇక్కడున్నన్నాళ్ళూ రోజూ చెప్పాలి. పండక్కి ఎందుకు రాలేదంటే ఒకటి, ఫోన్ ఎందుకు చేయడంటే ఇంకొకటి.

"సార్ లేడు సార్. నేనొక్కదాన్నే. పెండ్లి కాలే" అన్నాను.

ఆయన తిట్టలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. "ఒక్కదానికి ఇయ్యం తల్లీ. ఊరు చిన్నది" అని గేటు మెల్లగా వేసుకున్నాడు.

తర్వాత గంటన్నరలో మూడు చోట్ల అడిగాం. ఒకచోట తమ్ముడిని తోడు తెచ్చుకొమ్మన్నారు. ఒకచోట ఖాదర్ చాచా ఎవరని అడిగి, చెప్పాక తలుపు వేశారు. మూడోచోట ఇస్తామన్నారు గానీ ఆ గదికి తలుపు లేదు. నాలుగు దాటింది. చాచా గడియారం చూసుకోలేదు, నేను చూస్తుంటే తల తిప్పుకున్నాడు. బాపు ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

"వాపస్ పోదామా బేటీ? తప్పేం లేదు" అన్నాడు చాచా.

"పోదాం చాచా. కొంచెం సేపాగి పోదాం" అన్నాను.

గిర్ని

మంచినీళ్ళ కోసం ఒక పిండి గిర్ని ముందు ఆపాం. లోపల బెల్టు తిరుగుతోంది, గాల్లో జొన్నపిండి. కనుబొమ్మలు కూడా తెల్లబడిన ఒక ఆమె తొమ్మిది గజాల చీర కాసె పోసి కట్టుకొని, బస్తా ఎత్తి పోస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. పేరు కాంతాబాయి. ఊరంతా ఆయీ అని పిలుస్తారని తర్వాత తెలిసింది. ఆయీ అంటే మరాఠీలో అమ్మ, మా దిక్కు అవ్వ.

మోటారు ఆపి, నీళ్ళిచ్చి, ట్రాలీ వైపు చూసింది. "గదేంది? బీరువానా?"

"ఓవెన్. రొట్టెలు, బన్నులు కాల్చేది."

"ఏడ పెడ్తవ్?"

జరిగిందంతా చెప్పాను. దాచకుండా, ఫోన్లో మాట మార్చిన సంగతితో సహా. ఆమె విని, గిర్ని పక్కనున్న రేకుల గది తలుపు తోసింది. లోపల ఖాళీ సంచులు, విరిగిన తూనిక. వెనక ఆమె ఇల్లు, మధ్యలో ఒక వాకిలి.

"పాతది గని గోడలు బరోబర్ ఉన్నయి. ఈడ పెట్టుకో. నా ఇంట్ల ముందటి అర్రల పండుకో" అంది.

నేను మాట్లాడేలోపే చెయ్యెత్తింది. "ఆగు. విఠల్ నా మరిది. ఆయన కాదన్న మనిషిని చెప్పకుంట పెట్టుకుంటె ఇంట్ల లొల్లి. నువ్వే పోయి చెప్పి రా. నేను రాను."

ఆ గేటు దగ్గరికి మళ్ళీ నడిచి వెళ్ళడం కన్నా అదే బండిలో చొప్పదండి వెళ్ళిపోవడం తేలిక. అయినా వెళ్ళాను. విఠల్ సార్ అరుగు మీద కూచొని కందికాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"గది కోసం రాలే సార్. తప్పు చెప్పుకుందామని వచ్చిన" అన్నాను. "మీరు ఫోన్ల సారు అన్నప్పుడే నేను లేడని చెప్పాలె. చెప్తె రావద్దంటరని భయపడ్డ."

"అంటుంటి. నిజమే" అన్నాడాయన.

"ఇప్పుడు ఆయీ గిర్ని పక్కన జాగ ఇస్తనంటుంది. మీతోటి చెప్పమన్నది."

ఆయన కాయలు ఒలవడం ఆపాడు. "ఇరవై ఏండ్ల కింద మా అన్న పోయినప్పుడు, వదినె ఒక్కతే గిర్ని నడుపుతనన్నది. అప్పుడు గూడ నేను వద్దన్న."

"ఆయీ ఏమన్నది సార్?"

"ఏమంటది. గిర్ని నడుపుతనే ఉన్నది." కాసేపు చేతిలోని కాయను చూశాడు. ఆయనకు నవ్వొస్తోందని నాకు అనుమానం. "ఆ రేకులు కారుతయి. వానకాలం లోపట మార్పించుకొమ్మను. పో."

ఓవెన్ దించడానికి ఈసారి ఎనిమిది మంది వచ్చారు. అందులో నలుగురు పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు. బాపుకు నేనే ఫోన్ చేసి ఇల్లు కుదిరిందని చెప్పాను. "చలి ఉన్నదా?" అన్నాడు. ఉన్నదన్నాను. "రగ్గు కప్పుకో" అని పెట్టేశాడు.

చాచా ఇచ్చోడలో తన చెల్లెలి చుట్టాల దగ్గర పడుకొని తెల్లవారి వెళ్తానని బయలుదేరాడు. బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. బండి పోయాక రోడ్డు ఒక్కసారిగా వెడల్పైనట్లనిపించింది. నేను అక్కడే నిలబడి కొంచెం ఏడ్చాను. ఎవరూ అడగలేదు. ఆయీ మోటారు వేసింది, ఆ చప్పుడులో ఏడుపు వినబడలేదు కూడా.

పొంగని పిండి

కోరి తెచ్చుకున్న చలి మూడోరోజే నా పని పట్టింది. కరీంనగర్‌లో గంటలో పొంగే బన్ను పిండి, ఇక్కడ పొద్దున నాలుగుకు కలిపితే ఏడింటికి కూడా బండరాయిలా కూచుంది. ఈస్టు పాడైందనుకొని పారబోశాను. మళ్ళీ కలిపాను. మళ్ళీ అదే.

ఆయీ వచ్చి గిన్నెలో వేలు పెట్టి చూసింది. "దీనికి గూడ సలి పెడ్తుంది" అని, తన బొంత తెచ్చి గిన్నెకు చుట్టి, నీళ్ళు కాగే పొయ్యి పక్కన పెట్టింది. పసిపిల్లను పడుకోబెట్టినట్టే మీద చెయ్యి కూడా వేసింది. గంటన్నరకు పిండి బొంతను పైకి నెట్టింది. ఆ రోజు నుంచి మా పిండికి విడిగా ఒక బొంత ఉంది. ఉతికే వంతు నాది.

అదే పొద్దున చాయ్ తాగుతూ ఆయీ అడిగింది. "పెండ్లి చేసుకుంటవా, చేసుకోవా?"

"ఇంక తెల్వది ఆయీ."

"చేసుకుంటె ముందే చెప్పు. ముందటి అర్ర ఇద్దరికి చాలది" అంది. అంతే. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళందరిలో, జవాబు విని ఊరుకున్న మనిషి ఆమె ఒక్కతే.

అంగడి రోజు

వారం తిరక్కముందే అంగడి వచ్చింది. మన దగ్గర అంగడంటే కూరగాయలు, బట్టలు. ఇక్కడ పొద్దున్నే చుట్టుపక్కల గూడేల నుంచి జనం దిగుతారు. రేగుపండ్లు, చింతపండు, చీపుర్లు, నాటుకోళ్ళు, అన్నీ నేల మీదే. తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ మాటలు ఒక్కసారే వినబడతాయి. నేను గిర్ని ముందు బల్ల వేసి, బుట్టలో బన్నులు పెట్టాను. ఒకటి పది రూపాయలు. మొదటి గంటలోనే సగం బుట్ట అయిపోయింది. కొన్నవాళ్ళు తిని, తల ఊపి, మంచిగున్నదని వెళ్ళిపోతున్నారు. నేను గాల్లో తేలుతున్నాను.

అప్పుడొక గోండు ముసలామె వచ్చింది. నెత్తిన చీపుర్ల కట్ట, మెడలో వెండి కంటె. బన్ను కొని, అక్కడే నిలబడి ఒక ముక్క నమిలి, గోండిలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. గిర్ని లోపల్నుంచి ఆయీ నవ్వు వినబడింది.

"ఏమంటుంది ఆయీ?"

"ఉప్పు మరిచినవంట. సప్పగున్నదంట."

ఒక బన్ను తుంచి నోట్లో పెట్టుకున్నాను. నిజమే. పిండి పొంగుతుందో లేదో అన్న కంగారులో ఉప్పు వేయనే లేదు. "ఇంతమంది తిన్నరు, ఒక్కలు చెప్పలేదెందుకు?" అన్నాను.

"కొత్త పిల్లవు గద. మొహమాటపడ్డరు" అంది ఆయీ.

ముసలామెకు డబ్బులు తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. ఆయీతో మళ్ళీ ఏదో చెప్పి, నెత్తి మీది కట్ట సర్దుకొని జనంలోకి వెళ్ళిపోయింది.

"మల్ల చెయ్యమన్నది. చీపుర్లు అమ్ముకొని వస్తదంట" అని ఆయీ చెప్పింది.

వస్తుందని నేను నమ్మలేదు. అయినా మిగిలిన బుట్ట తీసి లోపల పెట్టేశాను. పిండి కలిపాను, ఉప్పు వేసి రుచి చూశాను, బొంత చుట్టాను. ఎడమ మూల మాడకుండా ట్రే తిప్పుతూ నిలబడ్డాను. బన్నులు బయటికి వచ్చేసరికి ఎండ వాలింది, సగం అంగడి లేచిపోయింది. బల్ల ముందు ఎవరూ లేరు.

గిర్ని అరుగు మీద ఆ ముసలామె కూచొని ఉంది. చీపుర్లు అయిపోయాయి. నెత్తిన పెట్టుకున్న చుట్ట గుడ్డ విప్పి ఒళ్ళో మడత పెట్టుకుంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు, పిలవలేదు.

వేడి బన్ను కాగితంలో పెట్టి అందించాను. రెండు చేతులతో పట్టుకొని ఊదుకుంటూ, తొందర లేకుండా, మొత్తం తిన్నది. నేనూ ఆయీ ఆమె నోటివైపే చూస్తున్నాం. మంచిగుందనలేదు, బాగాలేదనలేదు. కాగితం మీద రాలిన పొడి కూడా వేలికి అద్దుకొని నోట్లో వేసుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి, నలభై రూపాయలు తీసి బల్ల మీద పెట్టి, బన్నుల వైపు చూసి, నాకు నాలుగు వేళ్ళు చూపించింది.